నేల పదునుకు ఇనుప పదును: రౌండింగ్ సుత్తి ఎంపికపై విస్తరణ దృష్టి

తెలుగు సేద్యపు భాషలో ‘పదును’ అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. వాన వెలిసిన తరువాత విత్తడానికి అనువైన తేమ నేలలో నిలిచిన స్థితిని రైతు పదును అంటాడు. కొడవలి వాదరకు, కర్రు మొనకు కమ్మరి పెట్టేదీ పదునే. మొదటి పదునుపై వ్యవసాయ విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా పరిశోధిస్తున్నాయి. ఏ నేలను ఎంత తేమ వద్ద దున్నాలి, ఏ గింజను ఎంత లోతున వేయాలి అనే విషయాలపై స్పష్టమైన సిఫారసులు ఉన్నాయి. రెండవ పదును మాత్రం కొలిమి దగ్గరే మిగిలిపోయింది. దానిపై పరిశోధన వ్యాసాలు అరుదు, విస్తరణ కార్యక్రమాలు ఇంకా అరుదు.

అయితే ఈ రెండు పదునులు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నాయి. వర్షాధారపు ఎర్ర నేలల్లో పైపొర తేమ కొద్ది రోజుల్లోనే ఆరిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లో కర్రు మొన విరిగితే, గుంటక పాస మొద్దుబారితే, విత్తే అదును చేజారుతుంది. అప్పుడు రైతుకు కావలసింది ఆ పూటే పనిముట్టును సరిచేసి ఇచ్చే కమ్మరి. ఆ కమ్మరి చేతిలో అన్నిటికంటే ఎక్కువసేపు ఉండే సాధనం సుత్తి. కాబట్టి ఆ సుత్తి ఎంత బరువుండాలి, దాని ముఖం ఏ ఆకారంలో ఉండాలి, పిడి ఎలా అమరాలి అనేవి కేవలం వృత్తిదారుని సొంత విషయాలు కావు; పంట సకాలంలో నేలలో పడటంతో ముడిపడిన విషయాలు. అందులోనూ ఒక ముఖం చదునుగా, మరొక ముఖం ఉబ్బుగా ఉండే రౌండింగ్ సుత్తి నేటి గ్రామీణ కమ్మరికి ఎంతో ఉపయోగపడే సాధనమని, దాని ఎంపిక, వినియోగం విస్తరణ కార్యక్రమాల్లో భాగం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఈ ప్రతిపాదనకు తగిన సమయం కూడా ఇదే. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. వాటిలో కమ్మరం ఒకటి. సుత్తులు, పనిముట్ల తయారీ మరొకటి. ఈ పథకం కింద పనిముట్ల కోసం రూ. 15,000 వరకు ప్రోత్సాహకం, శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 భృతి, 5 శాతం వడ్డీకి మొదట రూ. 1 లక్ష, తరువాత రూ. 2 లక్షల రుణం లభిస్తాయి. డబ్బు ఉంది, శిక్షణకు రోజులు ఉన్నాయి. ఆ డబ్బుతో ఎటువంటి సుత్తి కొనాలో, దానిని ఏ పనికి ఎలా వాడాలో సాంకేతికంగా చెప్పగలిగినవారు ముందుకు రావలసి ఉంది.

సుత్తి నిర్మాణం, పనితీరు

రౌండింగ్ సుత్తి పుట్టినిల్లు గుర్రపు లాడాల వృత్తి. కొన్ని ప్రాంతాల్లో నాడాలు అని పిలిచే ఈ లాడాలను గిట్ట ఆకారానికి తగినట్లు వంచి, సాగదీసి, చదును చేయడానికి ఒకే సుత్తి సరిపోవాలన్న అవసరం నుంచి ఇది రూపుదిద్దుకున్నది. బ్రిటన్‌లో ఈ వృత్తికి ఉన్న గౌరవం గమనార్హం. లండన్‌లోని లాడాల వృత్తిదారుల సంఘం 1356 నాటిది. 1975లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడ శిక్షణ పొంది నమోదు చేసుకున్నవారే గుర్రాలకు లాడాలు కొట్టాలి. ఏళ్ల తరబడి సాగే ఆ శిక్షణలో కొలిమి పని, సుత్తి పని విడదీయరాని భాగాలు. కాలక్రమంలో సాధారణ కమ్మరులు కూడా ఈ సుత్తిని తమ పనికి అనువైనదిగా స్వీకరించారు.

దీని తల పొట్టిగా, రెండు వైపులా సమానమైన బరువుతో ఉంటుంది. ఒక ముఖం చదునుగా ఉండి అంచులు మాత్రం నునుపుగా గుండ్రం చేయబడి ఉంటాయి. రెండవ ముఖం తక్కువ ఎత్తుగల కుంభాకారంలో, బోర్లించిన నిస్సారపు పళ్లెంలా ఉంటుంది. బరువు పిడికి దగ్గరగా చేరి ఉండటం వల్ల దెబ్బ పడేటప్పుడు తల పక్కకు ఒరగదు. రెండు ముఖాల బరువు సమానం గనుక మణికట్టును తిప్పి ముఖం మార్చినా చేతికి తేడా తెలియదు.

రెండు ముఖాల పనితీరులోని భేదం పీడన సూత్రంతో అర్థమవుతుంది. ఒకే బలం తక్కువ వైశాల్యంపై పడితే పీడనం ఎక్కువ. ఉబ్బు ముఖం ఎర్రగా కాలిన ఇనుమును మొదట నడిమి భాగంతోనే తాకుతుంది. అందువల్ల లోహం లోతుగా కదిలి అన్ని వైపులకూ పారుతుంది. చదును ముఖం విశాలంగా తాకుతుంది గనుక లోహాన్ని తక్కువగా కదిలిస్తుంది. కాని ఉబ్బు ముఖం మిగిల్చిన గుంతలను సమం చేస్తుంది. ఒకటి దున్నినట్లు, మరొకటి చదును మాను తోలినట్లు. దున్నకుండా మాను తోలితే ఎంత ప్రయోజనమో, చదును ముఖంతోనే ఇనుమును సాగదీయాలని చూస్తే అంతే ప్రయోజనం.

ఒంటరి కమ్మరి అవసరం

ఒకప్పటి కమ్మరి కొలిమిలో కనీసం ఇద్దరు పనిచేసేవారు. ఒకరు పట్టుకారుతో ఇనుమును దాగలిపై పట్టుకొని చిన్న సుత్తితో దెబ్బ పడవలసిన చోటు చూపేవారు. మరొకరు నిలబడి బరువైన సమ్మెటతో కొట్టేవారు. తిత్తి ఊదడానికి ఇంట్లోవారో, పనిముట్టు తెచ్చిన రైతో సాయపడేవారు. పంట కళ్లంలో ఇచ్చే మేర ఈ కుటుంబ శ్రమ అంతటికీ ప్రతిఫలం. ఈ ఏర్పాటులో చేతి సుత్తి ఆకారానికి పెద్ద ప్రాధాన్యం లేదు. ఇనుమును కదిలించే పని సమ్మెటది. చిన్న సుత్తి దారి చూపేది మాత్రమే.

నేడు ఆ ఏర్పాటు చాలా చోట్ల లేదు. మేర పోయి నగదు వచ్చింది. కొడుకు పట్నంలో వెల్డింగు పనికో, మరో ఉద్యోగానికో వెళ్లాడు. తిత్తి స్థానంలో కరెంటు బ్లోయరు చేరింది గాని సమ్మెట పట్టే మనిషి స్థానం ఖాళీగానే ఉంది. కొన్నిచోట్ల ఇంటి ఇల్లాలే సమ్మెట పడుతున్నది. అనేక గ్రామాల్లో కమ్మరి ఒక్కడే ఎడమచేత పట్టుకారు, కుడిచేత సుత్తి పట్టి మొత్తం పని పూర్తిచేస్తున్నాడు. ఇద్దరి పని ఒకరిపై పడినా సుత్తి మాత్రం పాతదే. దారి చూపడానికి ఉద్దేశించిన చదును సుత్తితో సమ్మెట పని చేయించడం వల్ల దెబ్బల సంఖ్య పెరుగుతుంది, ఇనుము మధ్యలోనే చల్లారుతుంది, మళ్లీ కాచవలసి వస్తుంది.

ప్రతిసారి కాచడానికి ఖర్చు ఉంది. బొగ్గు ఖర్చు పైకి కనిపించేది. సర్కారు తుమ్మ బొగ్గు అయినా కొనవలసిందే. కనిపించని ఖర్చు ఇనుముదే. కాచిన ప్రతిసారి దాని పైపొర గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పొలుసులుగా రాలుతుంది. ఉపరితలంలోని కార్బన్ కొంత తగ్గుతుంది. అధిక వేడిలో ఎక్కువసేపు ఉంచితే లోహపు రేణువులు పెద్దవై బలం సన్నగిల్లుతుంది. కార్బనే ఉక్కుకు పదును నిలిపే ప్రధాన మూలకం. లారీ కమాను పట్టీల నుంచి కొడవళ్లు, కత్తులు చేసే చోట ఈ నష్టం నేరుగా వాదర మన్నికపై పడుతుంది. అందువల్ల తక్కువసార్లు కాచి పని ముగించగల సుత్తి బొగ్గును, శ్రమను ఆదా చేయడంతో పాటు పనిముట్టు నాణ్యతనూ కాపాడుతుంది. ఒంటరి కమ్మరికి ఉబ్బు ముఖం అవసరమనడానికి ప్రధాన కారణం ఇదే.

ఎంపికలో గమనించవలసినవి

మొదటిది బరువు. బరువైన సుత్తి అయితే పని త్వరగా అవుతుందన్న నమ్మకం బలంగా ఉంది. లెక్క వేరుగా చెబుతుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో దిగే 1.5 కిలోల సుత్తిలో ఉండే గతిశక్తి 27 జౌల్స్. అదే వేగంతో దిగే 1 కిలో సుత్తిలో 18 జౌల్స్ మాత్రమే ఉంటుంది. కాని ఆ 1 కిలో సుత్తి వేగం సెకనుకు 7.5 మీటర్లకు పెరిగితే శక్తి 28 జౌల్స్‌కు చేరుతుంది. బరువు పెరిగితే శక్తి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వేగం పెరిగితే దాని వర్గంలో పెరుగుతుంది. తేలికైన సుత్తిని ప్రతి దెబ్బకూ ఆ వేగంతో దించగలడా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. మందమైన ఇనుమును లోపలి దాకా కదిలించడానికి బరువు కూడా కావాలి. కాబట్టి రోజంతా అదుపు తప్పకుండా వేగంగా ఆడించగల గరిష్ఠ బరువే సరైన బరువు.

పాశ్చాత్య దేశాల్లో లాడాల పనికి సుమారు 800 గ్రాముల నుంచి 1.1 కిలోల వరకు బరువుగల రౌండింగ్ సుత్తులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఈ అంకెలను యథాతథంగా స్వీకరించడం తగదు. అవి నిలబడి, నడుము ఎత్తుకు దగ్గరగా ఉన్న దాగలిపై కొట్టేవారికి అలవడిన బరువులు. మన కమ్మరి సాధారణంగా నేలపై లేదా చిన్న పీటపై కూర్చుని, నేలలో పాతిన దాగలిపై కొడతాడు. కూర్చున్నప్పుడు నడుము, కాళ్లు దెబ్బకు తోడ్పడవు. భారమంతా భుజం, మోచేయి, మణికట్టుపై పడుతుంది. కాబట్టి కూర్చుని పనిచేసేవారు 800 గ్రాముల నుంచి 1 కిలో మధ్య మొదలుపెట్టి, పరీక్షించి నిర్ణయించుకోవడం మేలు.

ఆ పరీక్షకు ప్రత్యేక పరికరాలు అవసరం లేదు. ఎంచుకున్న సుత్తితో 20 నిమిషాలు ఆపకుండా వాస్తవమైన పని చేయించి ఇనుమును పరిశీలిస్తే చాలు. చదును ముఖపు అంచు తగిలి అర్ధచంద్రాకారపు గాట్లు పడుతూ ఉంటే చేయి అలసి సుత్తి ఒరుగుతున్నదని అర్థం. గాట్లు ఎప్పుడూ ఒకే వైపున పడుతుంటే దాగలి ఎత్తు గాని పిడి పొడవు గాని సరిపోలేదు. చివరి 5 నిమిషాల్లోనే పడుతుంటే బరువు ఎక్కువైంది. పిడికిలి బిగుసుకోవడం, మోచేయి బయటికి లేవడం కూడా ఇదే విషయాన్ని తెలుపుతాయి.

రెండవది ముఖాల ఆకారం. ఉబ్బు మరీ ఎక్కువైతే లోతైన గుంతలు పడి, వాటిని సమం చేయడానికే సమయం పోతుంది. దెబ్బ పక్కకు జారుతుంది. మరీ తక్కువైతే చదును ముఖానికీ దానికీ తేడా ఉండదు. 40 మిల్లీమీటర్ల వెడల్పుగల ముఖంలో అంచు నడిమి భాగం కంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు దిగువన ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది. తరువాత పనిని బట్టి మార్చుకోవచ్చు. చదును ముఖపు అంచులు తప్పనిసరిగా గుండ్రం చేసి ఉండాలి. వాడి అంచు ఇనుముపై సన్నని గాటు పెడుతుంది. తరువాతి దెబ్బకు ఆ గాటు మడతపడి లోపల దాగుతుంది. పైకి నునుపుగా కనిపించే ఆ కర్రు రాతి నేలలో ఎదురుదెబ్బ తగిలినప్పుడు సరిగ్గా ఆ మడత దగ్గరే విరుగుతుంది. పొలంలో పదును పోవడానికి సుత్తి అంచు కారణమయ్యే తీరు ఇది.

మూడవది ఉక్కు. మధ్యస్థ కార్బన్ ఉక్కుతో చేసి, ముఖాలను మాత్రమే గట్టిపరచి, పిడి దూరే కన్ను చుట్టూ మెత్తగా ఉంచిన తల మంచిది. కొత్త ఆకురాయిని ముఖపు అంచుపై రాసినప్పుడు కష్టంగా, కొద్దిగా మాత్రమే పట్టాలి. సులువుగా కోస్తే ముఖం త్వరలో చొట్టలు పడుతుంది. అసలు పట్టకుండా జారిపోతే ముఖం పెళుసుగా ఉండి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. దాగలి కంటే సుత్తి కొంచెం మెత్తగా ఉండటమే క్షేమం. గురి తప్పిన దెబ్బకు సుత్తి చొట్టపడితే మళ్లీ సానబెట్టుకోవచ్చు, దాగలి పాడైతే సరిచేయడం కష్టం.

నాలుగవది పిడి. పిడి కోడిగుడ్డులా కోలగా ఉండాలి. గుండ్రని పిడి చేతిలో తిరిగిపోతుంది. కోల పిడి చూడకుండానే ముఖం ఎటు ఉన్నదో చేతికి తెలియజేస్తుంది. లావు పిడి బిగుతుగా పట్టుకోవలసి రావడం వల్ల ముంజేతికి అలసట తెస్తుంది. కర్ర నార పొడవునా తిన్నగా సాగి, ముడులు లేకుండా, బాగా ఆరి ఉండాలి. నల్లతుమ్మ చేవ మన ప్రాంతంలో ఇందుకు దొరికే మంచి కర్ర. ఎండాకాలంలో పిడి కుంచించుకుపోయి తల వదులైనప్పుడు సుత్తిని రాత్రంతా నీటిలో వేసి ఉంచే అలవాటు ఉంది. ఉబ్బిన కర్ర కంటిలో నలిగి, ఆరిన తరువాత మునుపటికంటే వదులవుతుంది. దానికి బదులు కొత్త చీల కొట్టడం, అవిసె నూనె పట్టించడం శాశ్వత పరిష్కారం. ఇనుప గొట్టాన్ని తలకు వెల్డు చేసి పిడిగా వాడటం మానుకోవాలి. అది ప్రతి దెబ్బ అదురును చేతికి చేరవేస్తుంది. వెల్డింగు వేడి తలలోని గట్టిదనాన్నీ దెబ్బతీస్తుంది.

మన హార్డ్‌వేరు దుకాణాల్లో రౌండింగ్ సుత్తి పేరుతో అడిగితే దొరకకపోవచ్చు. బాల్ పీన్ సుత్తి దీనికి ప్రత్యామ్నాయం కాదు. దాని చిన్న గుండు రివెట్లు తిప్పడానికి ఉద్దేశించినది. వేడి ఇనుముపై లోతైన గుంతలు మాత్రమే పెడుతుంది. తాపీ పనివారు, రాతి పనివారు వాడే 1 కిలో రెండు ముఖాల పొట్టి సుత్తిని కొని, ఒక ముఖాన్ని సానరాయిపై నిదానంగా ఉబ్బుగా మలచుకోవడం ఆచరణీయం. సానబెట్టేటప్పుడు తరచుగా నీటిలో ముంచుతూ ఉండాలి. ముఖంపై నీలి రంగు కనిపించిందంటే ఆ భాగం మెత్తబడిందని గుర్తించాలి.

వినియోగంలో మెలకువలు

కర్రు మొనను సాగదీయడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇనుము ప్రకాశవంతమైన నారింజ, పసుపు రంగుల మధ్య ఉన్నప్పుడు ఉబ్బు ముఖంతో బలమైన దెబ్బలు వేయాలి. లోహం పొడవుతో పాటు వెడల్పుకూ పారుతుంది గనుక రెండు మూడు దెబ్బలకొకసారి ఇనుమును పావు వంతు తిప్పి పక్కలను అదుపులో ఉంచాలి. రంగు ఎరుపుకు దిగగానే మణికట్టు తిప్పి చదును ముఖంతో తేలిక దెబ్బలు వేసి గుంతలను సమం చేయాలి. మసక ఎరుపు దాటి నల్లబడిన ఇనుమును కొట్టరాదు. ముఖ్యంగా కమాను పట్టీ ఉక్కును ఆ స్థితిలో కొడితే కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడతాయి. అదే ఉక్కును నిప్పురవ్వలు చిమ్మేంత వరకు కాచడం కూడా హానికరమే. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు ఉబ్బు ముఖం, తగ్గుతున్నప్పుడు చదును ముఖం అనే క్రమాన్ని అలవరచుకుంటే ఒకసారి కాచిన వేడి మొత్తం ఉపయోగపడుతుంది.

కొడవలి విషయంలో మరొక సూక్ష్మం ఉంది. వాదర లోపలి వంపున ఉంటుంది. ఆ వైపును పలుచన చేసేకొద్దీ అక్కడి లోహం పొడవు పెరిగి వంపు విచ్చుకుంటుంది. అనుభవజ్ఞుడైన కమ్మరి అందుకే మొదట కావలసినదానికంటే ఎక్కువ వంచి, తరువాత వాదర తీస్తాడు. ఉబ్బు ముఖం లోహాన్ని త్వరగా కదిలిస్తుంది కాబట్టి ఈ విచ్చుకోవడం కూడా త్వరగా జరుగుతుంది. కొత్త సుత్తి చేతికి వచ్చినప్పుడు మొదటి కొన్ని కొడవళ్లు తిన్నబడటానికి కారణం ఇదే. శిక్షణలో ఈ సంగతి ముందే చెప్పకపోతే వృత్తిదారుడు సుత్తినే తప్పుపట్టి పక్కన పడేస్తాడు.

భద్రత విషయంలో కొన్ని నియమాలు తప్పనిసరి. సుత్తిని మరొక సుత్తిపై కొట్టరాదు. గట్టిపడిన రెండు ముఖాలు ఢీకొంటే ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా కొలిమి ముందు కూర్చోరాదు. ముఖం అంచులు పుట్టగొడుగులా విరిసిన సుత్తిని సానబెట్టిన తరువాతే వాడాలి. పిడిని వదులుగా పట్టి, దాగలి నుంచి తిరిగి లేచే ఊపును వినియోగించుకోవాలి. గట్టిగా బిగించి పట్టేవారికి మోచేయి నొప్పి త్వరగా వస్తుంది.

లాడాల పనిలో రౌండింగ్ సుత్తి

లాడాన్ని వంచేటప్పుడు దాని లోపలి వంపులోకి చదును ముఖపు అంచు దిగితే గాట్లు పడతాయి. ఉబ్బు ముఖం ఆ వంపులో ఇమిడిపోతుంది. గిట్ట అడుగు భాగంపై ఒత్తిడి పడకుండా లాడపు లోపలి అంచును కొద్దిగా పల్లం చేయడానికీ ఉబ్బు ముఖమే అనువైనది. లాడం గిట్టపై కదలకుండా సమంగా కూర్చోవడానికి చివరగా చదును ముఖంతో సరిచేస్తారు. మేకులు దించడానికి మాత్రం ఈ సుత్తి వాడరాదు. దానికి తేలికైన వేరే సుత్తి కావాలి. బరువైన దెబ్బకు మేకు వంకరపోయి గిట్టలోని సున్నిత భాగంలోకి దిగితే జంతువు కుంటుతుంది.

దేశంలో గుర్రాల సంఖ్య తగ్గుతున్న మాట నిజం. 2012 పశుగణనలో సుమారు 6.25 లక్షలుగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 నాటికి సుమారు 3.4 లక్షలకు పడిపోయాయి. అయినా హైదరాబాదులోని మలక్‌పేట పందేల మైదానంలోనూ, జాతీయ పోలీసు అకాడమీలోనూ, పెళ్లి ఊరేగింపుల గుర్రాలు పెంచే ఇళ్లలోనూ లాడాల పని కొనసాగుతూనే ఉంది. తారు రోడ్లపై బండి లాగే ఎద్దులకు లాడాలు అవసరమే. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది గనుక ఒక్కో కాలికి రెండేసి చొప్పున 8 పలుచని రేకు లాడాలు కావాలి. పలుచని రేకును ఉబ్బు ముఖంతో గట్టిగా కొడితే గుంతలు పడి మేకుల రంధ్రాలు సాగుతాయి. ఇక్కడ ఉబ్బు ముఖాన్ని ఆకారం ఇవ్వడానికి తేలికగా, చదును ముఖాన్ని ఎక్కువగా వాడాలి. ఒకే సుత్తి, జంతువును బట్టి రెండు విధానాలు. ఈ భేదాన్ని పశువైద్య విశ్వవిద్యాలయాల సహకారంతో శిక్షణలో చేర్చవచ్చు.

పరిమితులు, అభ్యంతరాలు

రౌండింగ్ సుత్తి అన్ని పనులకూ ఉత్తమమైనది కాదు. ఇనుమును ఒకే దిశలో సాగదీయాలంటే అడ్డంగా మొద్దు వాదరవంటి కొస ఉన్న క్రాస్ పీన్ సుత్తి దానికంటే మెరుగు. గడ్డపార, గొడ్డలి వంటి మందమైన పనిముట్లకు సమ్మెట గాని పవర్ హ్యామర్ గాని లేకుండా సాగదు. ఏ సుత్తి అయినా దాగలి సరిగా స్థిరపరచకపోతే దాని శక్తిలో అధిక భాగం వృథా అవుతుంది. మంచి సుత్తి చెడ్డ ఉక్కును మంచి ఉక్కుగా మార్చదు. చివరన గట్టిపరచి తగినంత మేరకు మెత్తబరచే పనిలో జరిగే పొరపాట్లను సరిదిద్దదు.

ట్రాక్టర్లు, రోటవేటర్లు వచ్చిన కాలంలో చేతి సుత్తి చర్చ అనవసరమన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. పెద్ద దుక్కి యంత్రాలకు మారినా కలుపు తీత, కోత, కొమ్మల కత్తిరింపు, గట్ల పని నేటికీ చేతి పనిముట్లతోనే అధికంగా జరుగుతున్నాయి. వాటిలో కలుపు తీత, కోత ప్రధానంగా మహిళా కూలీల పనులు. మొద్దు కొడవలి భారమంతా వారి మణికట్లే మోస్తాయి. ఫ్యాక్టరీ పనిముట్లు దొరుకుతున్నాయన్నది మరొక అభ్యంతరం. దొరుకుతున్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ రూపొందించిన నవీన్ కొడవలి అటువంటిదే. కాని కొన్న పనిముట్టు అరిగిన నాడు దానిని బాగుచేసేది కంపెనీ కాదు, ఊరి కమ్మరి.

మూడవ అభ్యంతరం విశ్వవిద్యాలయాల లోపలి నుంచే వస్తుంది: ఇది ఇంజినీరింగ్ విభాగం పని, సస్యశాస్త్రానిదీ విస్తరణదీ కాదని. పనిముట్టు రూపకల్పన ఇంజినీరుదే. అయితే ఒక సిఫారసు రైతు పొలంలో అమలు కాకపోవడానికి కారణాలు వెదకడం విస్తరణ శాస్త్రం పని. ‘సకాలంలో విత్తండి, సకాలంలో కలుపు తీయండి’ అన్న సలహా కొలిమి దగ్గర ఆగిపోతుంటే ఆ కొలిమి కూడా విస్తరణ పరిధిలోనిదే. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకనాడు పర్షియా వరకు ఎగుమతి అయిందని సదస్సుల్లో గర్వంగా చెప్పుకుంటాము. ఆ విద్యకు వారసుడైన కమ్మరి పేరు గ్రామ విస్తరణ ప్రణాళికలో లేకపోవడాన్ని మాత్రం పట్టించుకోము.

విస్తరణ విభాగం చేయవలసినది

మొదట, కృషి విజ్ఞాన కేంద్రాలు పనిముట్ల ప్రదర్శనలకు రైతులతో పాటు ఆ మండలపు కమ్మరులను ఆహ్వానించాలి. 800 గ్రాములు, 1 కిలో, 1.2 కిలోల బరువుగల మూడు రౌండింగ్ సుత్తులను ప్రతి కేంద్రంలో ఉంచి, వృత్తిదారుడు తన కొలిమి దగ్గరే వారం పాటు వాడి చూసుకునే అవకాశం కల్పించాలి. ఆ తరువాతే కొనుగోలుకు సలహా ఇవ్వాలి. అందరికీ ఒకే బరువు సుత్తిని సంచిలో వేసి పంచడం ఒకే ఎరువు మోతాదును అన్ని నేలలకూ సిఫారసు చేయడం వంటిదే.

రెండవది, కొలతలు. సుత్తి బాగుందన్న అభిప్రాయం చాలదు. ఒక కర్రు లేదా కొడవలిని పూర్తిచేయడానికి ఎన్నిసార్లు కాచవలసి వచ్చింది, ఎంత బొగ్గు అయింది, ఎంత సమయం పట్టింది, ఇనుముపై ఎన్ని అర్ధచంద్రపు గాట్లు పడ్డాయి, ఆ పనిముట్టు మరమ్మతుకు ఎన్ని రోజులకు తిరిగివచ్చింది, వారం చివర కమ్మరి భుజానికీ మోచేతికీ నొప్పి ఉన్నదా అన్న ఆరు అంశాలను పాత సుత్తితోనూ కొత్త సుత్తితోనూ నమోదు చేయాలి. దీనికి తూకం, గడియారం, ఒక నోటు పుస్తకం చాలు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో పల్లెల్లో గడిపే విద్యార్థులకు ఇది తగిన అధ్యయనాంశం. కూర్చుని కొట్టే కమ్మరికి తగిన బరువు, దాగలి ఎత్తు ఎంత అన్న ప్రశ్నకు మన పరిస్థితుల నుంచే సమాధానం రావాలి. భోపాల్ సంస్థ సేకరించిన వ్యవసాయ కార్మికుల శరీర కొలతలు అందుకు ఆధారంగా ఉపకరిస్తాయి.

మూడవది, పీఎం విశ్వకర్మ శిక్షణ జరిగే చోట్ల వ్యవసాయ విశ్వవిద్యాలయం తరఫున ఒక పూట పాఠం ఉండాలి. సుత్తి ముఖాలను సానబెట్టుకోవడం, పిడి అమర్చుకోవడం, రెండు ముఖాలను వేడిని బట్టి మార్చడం అందులో చేతులతో చేయించి నేర్పాలి. ఆ పూటలోనే శాస్త్రవేత్తలు నేర్చుకోవలసినదీ ఉంది. ఏ గ్రామపు నేలలో కర్రు ఎక్కడ అరుగుతుందో, ఏ నెలలో ఏ పనిముట్లు ఎక్కువగా మరమ్మతుకు వస్తాయో కమ్మరికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ సమాచారం ఇంతవరకు ఏ సర్వేలోనూ అడగబడలేదంటే అది అడగనివారి లోపమే.

ఈ పనులకు పెద్ద బడ్జెటు అవసరం లేదు. మూడు సుత్తులు, ఒక సానరాయి, కొలిమి దగ్గర కూర్చునే ఓపిక ఉంటే మొదలుపెట్టవచ్చు. తొలకరికి ముందు, కర్రులన్నీ కొలిమికి చేరే చైత్ర వైశాఖ మాసాల్లోనే మొదలుపెడితే ఆ ఏడాది విత్తే నాటికే ఫలితం పొలంలో కనిపిస్తుంది.